షార్ట్‌స్టాప్‌ని చూడాలంటే బంతి మీద నుంచి చూపు తీయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక కుర్రాడు రాసింది చదివి, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. ఆటగాడి గొప్పతనం తెలియాలంటే ఇప్పుడు మ్యాచ్ చూడాల్సిన పనే లేదు, అంకెలు చూస్తే చాలు, చూశాం చూశాం అనేవాళ్లు తమకు నచ్చినవాడినే చూస్తారు అన్నది అతని వాదన. అందుకు అమెరికా బేస్‌బాల్ నుంచి ఉదాహరణ ఇచ్చాడు. న్యూయార్క్ యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్‌ని జనం నెత్తిన పెట్టుకున్నారు గానీ లెక్క తీస్తే ఫీల్డింగ్‌లో అతను సగటు ఆటగాడి కన్నా తక్కువేనట. ఆ మాటలో నిజం ఉంది, నేను ఒప్పుకుంటాను. కానీ దాన్నుంచి అతను లాగిన ముగింపు తప్పు, అది మన విశాఖ పిల్లల మీద కూడా పడే తప్పు, అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ఆదివారం వస్తే విశాఖలో ఏదో ఒక గ్రౌండ్‌లో, రైల్వే గ్రౌండ్ కావచ్చు, ఏయూ గ్రౌండ్ కావచ్చు, చెట్టు కిందో టెంటు కిందో స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చున్నవాణ్ని. కాబట్టి అంకెలంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. రాత్రి ఇంటికొచ్చాక బౌలింగ్ లెక్కకీ బ్యాటింగ్ లెక్కకీ ఒక్క పరుగు తేడా వస్తే అన్నం తినకుండా మళ్లీ మొదటి ఓవర్ నుంచి కూడుకుంటూ వచ్చిన రోజులున్నాయి.

బేస్‌బాల్ నాకు మా అబ్బాయి వల్ల తెలిసింది. 2007లో మనవడు పుట్టినప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆరు నెలలున్నాం. పసివాడు రాత్రి నిద్రపోయేవాడు కాదు, వాణ్ని భుజాన వేసుకుని నేను టీవీలో యాంకీస్ మ్యాచ్‌లు చూసేవాణ్ని. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. కానీ స్కోరు రాసే పద్ధతి చూశాక ప్రాణం లేచొచ్చింది. ఫీల్డర్లకి ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంటుంది, షార్ట్‌స్టాప్‌ది 6, ఫస్ట్ బేస్‌వాడిది 3. బేస్‌లంటే కొట్టినవాడు పరుగు పూర్తి చేయడానికి వరసగా తాకుతూ పోవాల్సిన చోట్లు, ఆఖరిది హోమ్. షార్ట్‌స్టాప్ బంతి ఆపి ఫస్ట్ బేస్‌కి విసిరి అవుట్ చేస్తే 6-3 అని రాస్తారు. అంటే బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతి అవుట్‌కీ రికార్డు ఉంటుంది. మనకి క్రికెట్‌లో క్యాచ్ పట్టినవాడి పేరు తప్ప, రనౌట్ అయితే అది కూడా సరిగ్గా రాయని రోజుల్లో పెరిగినవాణ్ని నేను. ఇంకో సంగతి తెలిసి చాలా సంతోషం వేసింది. బేస్‌బాల్ స్కోరు పట్టికకి రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా వెళ్లినవాడు, క్రికెట్ మ్యాచ్‌ల గురించి పత్రికలకు రాసినవాడు. మన స్కోరు కార్డే అక్కడికి వెళ్లి అలా పెరిగిందన్నమాట.

షార్ట్‌స్టాప్ అంటే తెలియనివాళ్లకి చెప్తాను. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్. కుడిచేతి బ్యాటర్ గట్టిగా తిప్పి కొడితే బంతి వచ్చేది అటే, అందుకే అందరికన్నా ఎక్కువ పని అతనికే. కొట్టినవాడు 90 అడుగులు పరుగెత్తి ఫస్ట్ బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆ లోపల షార్ట్‌స్టాప్ పక్కకి పరుగెత్తాలి, నేల మీద ఎగిరెగిరి వచ్చే బంతిని తీసుకోవాలి, నూరడుగులకు మించిన దూరం సూటిగా విసరాలి. మన కవర్ పాయింట్ ఫీల్డర్ ప్రతి బంతికీ డైరెక్ట్ హిట్ కొట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో అలాంటి పని.

ఇక అసలు గొడవ. జీటర్ బ్యాటింగ్ గురించి ఎవరికీ పేచీ లేదు. 3,465 హిట్లు, అంటే కొట్టి క్షేమంగా బేస్ చేరుకున్నవి, ఐదు వరల్డ్ సిరీస్‌లు, అంటే అక్కడి ఛాంపియన్‌షిప్‌లు. 2020లో హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆటలో అతి గొప్పవాళ్లకి దక్కే గౌరవం, దాని ఓటింగ్‌లో 397 మందిలో 396 మంది అతనికి ఓటేశారు. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ కూడా ఐదుసార్లు వచ్చింది. కానీ ప్రతి బంతీ ఎక్కడికి వచ్చింది, అక్కడికొచ్చిన బంతిని మిగతా షార్ట్‌స్టాప్‌లు ఎన్నిసార్లు ఆపుతున్నారు, ఇతను ఎన్నిసార్లు ఆపాడు అని లెక్క కట్టినవాళ్లు, కెరీర్ మొత్తం మీద అతని ఫీల్డింగ్ వల్ల జట్టుకి వందకు పైగా పరుగుల నష్టం అని తేల్చారు. చూసినవాళ్లు అవార్డులిచ్చారు, లెక్కపెట్టినవాళ్లు లోటు చూపించారు.

పాత లెక్కలో ఈ తేడా కనిపించదు. పాత లెక్క ప్రకారం ఫీల్డర్‌కి వచ్చిన అవకాశాల్లో ఎన్నింటిని తప్పు లేకుండా పూర్తి చేశాడన్నదే శాతం. అందులో జీటర్‌ది 97.6. ఫీల్డింగ్‌కి దేవుడని అందరూ ఒప్పుకునే ఆజీ స్మిత్‌ది 97.8. ఇద్దరూ ఒకటేనా మరి? కాదు. బంతిని చేరుకున్నవాడే తప్పు చేస్తాడు. చేరుకోలేనివాడి పక్కనుంచి బంతి వెళ్లిపోతే అది బ్యాటర్ కొట్టిన హిట్ కిందికి పోతుంది, ఫీల్డర్ ఖాతాలో ఏమీ పడదు. పైగా అది తప్పా కాదా అని తేల్చేది కూడా నాలాంటి ఒక స్కోరరే, ఒక మనిషి, తన కంటితో చూసి. ఇప్పుడు వేరే అంకె చూడండి. ఆజీ స్మిత్ షార్ట్‌స్టాప్‌గా 2,511 మ్యాచ్‌లు ఆడి 8,375 అసిస్టులు చేశాడు, అంటే తాను విసిరిన బంతితో అన్ని అవుట్లలో భాగం ఉంది. జీటర్ 2,674 మ్యాచ్‌లు, అసిస్టులు 6,605. నూట అరవైకి పైగా మ్యాచ్‌లు ఎక్కువ ఆడి పదిహేడు వందలకు పైగా అసిస్టులు తక్కువ. న్యాయంగా ఇంకో మాట చెప్పాలి, జీటర్ కాలానికి స్ట్రైకవుట్లు, అంటే బంతిని కొట్టలేకుండానే బ్యాటర్ అవుటవడం, పెరిగాయి, బంతి నేల మీదికి రావడమే తగ్గింది. ఆ లెక్క తీసేసినా తేడా మొత్తం పోదు.

మరి చూసినవాళ్ల కళ్లకి ఏమైంది? దీనికి జవాబు నాకు బేస్‌బాల్ కన్నా ముందే మన గ్రౌండ్లలో దొరికింది.

తొంభైల్లో ఒక సీజన్లో ఒకే జట్టులో ఇద్దరు కుర్రాళ్లు ఆడేవారు. ఒకడు పాయింట్‌లో నిలబడేవాడు. బంతి వస్తే చాలు గాల్లోకి లేచి పడేవాడు, సాయంత్రానికి తెల్ల డ్రెస్సంతా ఎర్రమట్టే. చప్పట్లన్నీ అతనికే, నేను కూడా కొట్టాను. రెండోవాడు గాజువాక వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు, కవర్స్‌లో నిలబడేవాడు, డ్రెస్ మాసేదే కాదు. నా దృష్టిలో మొదటివాడే ఆ జట్టులో గొప్ప ఫీల్డర్, ఎవరడిగినా అదే చెప్పేవాణ్ని. ఆ ఏడు ఎందుకో స్కోరు పుస్తకం పక్కన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ఫీల్డర్లు ఆపిన పరుగులు, వదిలేసిన పరుగులు పెన్సిల్‌తో గీతలు గీయడం మొదలుపెట్టాను. సీజన్ అయ్యాక గీతలు లెక్కపెడితే గాజువాక కుర్రాడు మొదటివాడికన్నా దాదాపు రెట్టింపు ఆపాడు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. మరుసటి ఏడు అతన్నే చూడటం మొదలుపెట్టాను, అంటే బౌలర్ పరుగు మొదలుపెట్టగానే బంతిని వదిలేసి ఆ కుర్రాడి మీదే చూపు పెట్టాను. అప్పుడు కనపడింది. బంతి బ్యాట్‌కి తగలక ముందే ఒక అడుగు వేసేసేవాడు. అడిగితే చెప్పాడు, "బ్యాట్స్‌మన్ ముందుకాలు ఎటు పడుతోందో చూసి కదులుతానండి" అని. దూకాల్సిన అవసరం అతనికి రాలేదు, బంతి వచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు. దూకేవాడు ఒక అడుగు ఆలస్యమయ్యాడు కాబట్టి దూకుతున్నాడు, మనం ఆ ఆలస్యానికి చప్పట్లు కొడుతున్నాం.

నా కన్ను తప్పని నాకు చెప్పింది అంకె. కానీ ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు, నేను గ్రౌండ్‌లో కూర్చుని చూసి గీసిన గీతలే అవి. అంకె వచ్చాక ఎందుకలా వచ్చిందో తెలుసుకోవడానికి మళ్లీ గ్రౌండ్‌కే వెళ్లి, ఈసారి వేరే చోట చూపు పెట్టి చూడాల్సి వచ్చింది. ఉత్తరం రాసిన కుర్రాడికి నేను చెప్పదలచుకున్నది ఇదే. జీటర్‌కి లోటు చూపించిన లెక్కలు కూడా అలాగే పుట్టాయి. మనుషులు కూర్చుని మ్యాచ్ వీడియోలు ఒక్కొక్క బంతీ ఆపి ఆపి చూసి, ఇది ఇక్కడ పడింది, ఇంత వేగంగా వచ్చింది అని గుర్తులు పెడితే వచ్చిన అంకెలవి. బేస్‌బాల్ లెక్కలకి గురువు లాంటి బిల్ జేమ్స్ కూడా జీటర్ సంగతి తేల్చుకోవడానికి అంకెలతో ఊరుకోలేదు. హ్యూస్టన్ షార్ట్‌స్టాప్ ఆడమ్ ఎవరెట్ ఆటనీ జీటర్ ఆటనీ పక్కపక్కన పెట్టి వీడియోలు చూశాడు. ఆ ఎవరెట్‌కి ఒక్క గోల్డ్ గ్లవ్ కూడా రాలేదు.

జీటర్‌ని నేను కూడా చూశాను. 2007 వేసవిలో మా అబ్బాయి బ్రాంక్స్‌లో పాత యాంకీ స్టేడియానికి తీసుకెళ్లాడు, మూడో బేస్ వైపు పై అంతస్తులో సీట్లు. జీటర్ కుడివైపు లోతుగా పరుగెత్తి బంతి అందుకుని, గాల్లోకి లేచి ఒళ్లు తిప్పి ఫస్ట్ బేస్‌కి విసిరే ఆ విసురు ఉంది చూశారా, దాన్ని చూశాక ఇతను గొప్పవాడు కాడని ఎవరన్నా అంటే కోపమొస్తుంది. నాకూ ఒళ్లు జలదరించింది. కానీ పాత అలవాటు కొద్దీ బంతి వదిలేసి అతని కాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఎడమవైపు, రెండో బేస్ పక్కనుంచి వెళ్లే బంతులకి అతని మొదటి అడుగు ఆలస్యంగా పడుతోంది. అలా రెండు బంతులు వెనకాల పచ్చికలోకి వెళ్లిపోయాయి. స్టేడియంలో ఒక్కరు కూడా అయ్యో అనలేదు, ఎందుకంటే అవి బ్యాటర్ బాగా కొట్టిన బంతుల్లాగే కనిపించాయి. జరగనిదాన్ని కన్ను చూడలేదు. ఆ తర్వాత 2009కి వచ్చేసరికి అతని ఫీల్డింగ్ లెక్కలు బాగా మెరుగుపడ్డాయి, అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో సరిదిద్దుకోవడం చిన్న విషయం కాదు, దాన్ని కూడా అతని గొప్పతనంలోనే రాయాలి.

గాజువాక కుర్రాడి లాంటివాడు అక్కడ కాల్ రిప్కెన్. వరుసగా 2,632 మ్యాచ్‌లు ఆడిన బాల్టిమోర్ షార్ట్‌స్టాప్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, షార్ట్‌స్టాప్‌కి మరీ పొడుగన్నారు. 1984లో 583 అసిస్టులు చేస్తే అమెరికన్ లీగ్‌లో రికార్డయింది, గోల్డ్ గ్లవ్ వేరేవాళ్లకిచ్చారు. 1990లో సీజన్ మొత్తం మీద మూడంటే మూడు తప్పులు చేశాడు, అప్పుడూ వేరేవాళ్లకే. ఏ బౌలర్ ఏ బంతి వేస్తే ఏ బ్యాటర్ ఎటు కొడతాడో తెలుసుకుని ముందే అక్కడ నిలబడే మనిషికి చప్పట్లు ఆలస్యంగా వస్తాయి. చూసి ఓటేయడం ఎంత గుడ్డిగా జరగొచ్చో తెలియాలంటే ఇంకోటి చాలు. 1999లో రఫెయెల్ పాల్మీరో ఫస్ట్ బేస్‌లో ఆడింది 28 మ్యాచ్‌లే, అయినా మేనేజర్లూ కోచ్‌లూ కలిసి ఆ స్థానానికి గోల్డ్ గ్లవ్ అతనికే ఇచ్చారు. 2013 నుంచి ఆ ఓట్లతో పాటు ఫీల్డింగ్ లెక్కలకీ వాటా పెట్టారు. మంచి పని చేశారు.

ఇంతవరకూ చదివినవాళ్లకి నేను ఆ కుర్రాడి పక్షమే అనిపించొచ్చు. ఇప్పుడు రెండో వైపు వినండి.

2001 అక్టోబర్ 13, ఓక్‌లాండ్. యాంకీస్ అప్పటికే సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు ఓడిపోయారు, మూడోదీ పోతే ఇంటికే. ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నారు. ఓక్‌లాండ్ వాళ్లు కొట్టిన బంతి రైట్ ఫీల్డ్ మూలకి వెళ్లింది, అక్కడి నుంచి వచ్చిన విసురు మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా పోయింది. జెరెమీ జియాంబీ హోమ్‌కి పరుగెత్తుతున్నాడు, స్కోరు సమం అయిపోయినట్టే. అప్పుడు షార్ట్‌స్టాప్ జీటర్ మైదానం అడ్డంగా దాటి ఫస్ట్ బేస్ గీత దగ్గర ప్రత్యక్షమయ్యాడు. షార్ట్‌స్టాప్ అక్కడ కనబడటం అంటే మన షార్ట్ లెగ్‌వాడు డీప్ పాయింట్‌లో తేలినట్టు. పరుగు ఆపకుండానే బంతి అందుకుని చేతి వెనక్కి తిప్పి కీపర్‌కి అందించాడు, జియాంబీ అవుట్. యాంకీస్ 1-0తో గెలిచి, సిరీస్ కూడా గెలిచారు. స్కోరు పుస్తకంలో దీన్ని ఎలా రాస్తారో తెలుసా? 9-6-2, అంటే రైట్ ఫీల్డర్, షార్ట్‌స్టాప్, కీపర్. అంతే. జీటర్ ఖాతాలో ఒక అసిస్ట్. మామూలు బంతి ఆపి విసిరినా అంతే.

ఆజీ స్మిత్‌ది 1978 ఏప్రిల్‌లో ఆడిన ఒకటుంది, మా అబ్బాయి కంప్యూటర్‌లో చూపించాడు. జెఫ్ బరోస్ కొట్టిన బంతికి ఎడమవైపు దూకాడు, ఒళ్లు గాల్లో ఉండగా బంతి నేలకి తగిలి దిశ మార్చుకుని వెనక్కి లేచింది, అతను గ్లవ్ లేని కుడిచేత్తో దాన్ని పట్టేసి, లేచి విసిరి అవుట్ చేశాడు. పుస్తకంలో 6-3. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆ మనిషి 19 సీజన్లలో కొట్టింది 28 హోమ్ రన్లే, అవి మన సిక్సర్ల లాంటివి, బ్యాటింగ్ సగటు .262. బ్యాటింగ్ అంకెలు మాత్రమే చూసే రోజుల్లో అతన్ని మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టింది, 13 గోల్డ్ గ్లవ్‌లు ఇచ్చింది చూసినవాళ్లే. ఆ విషయంలో కళ్లు చెప్పినదాన్నే తర్వాత వచ్చిన లెక్కలు కూడా చెప్పాయి.

ఇప్పుడు కెమెరాలు వచ్చాయి. 2015 నుంచి అక్కడి పెద్ద లీగ్ స్టేడియాలన్నింటిలో ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరం కదిలాడు అన్నీ కొలుస్తున్నారు. జీటర్ 2014లోనే ఆట మానేశాడు, ఒక్క ఏడాదిలో తప్పిపోయింది. ఆ మొదటి అడుగు ఎంత ఆలస్యమో ఇక ఎవరూ సెకన్లలో చెప్పలేరు, చూసినవాళ్లు చెప్పాల్సిందే.

మనవైపు చూద్దాం. 2024 ఫిబ్రవరిలో మన మధురవాడ స్టేడియంలో ఇంగ్లండ్‌తో టెస్ట్. బుమ్రా వేసిన యార్కర్‌కి ఓలీ పోప్ రెండు స్టంపులు ఎగిరి పడటం స్టాండ్‌లో కూర్చుని చూశాను. కార్డులో ఏముంది? పోప్, బి బుమ్రా, 23. ఆ పక్క వరసలో ఎవరిదైనా అలాగే ఉంటుంది. అయినా బౌలర్లకి, బ్యాటర్లకి ఏదో ఒక వరస ఉంది. ఫీల్డర్‌కి అదీ లేదు. ఏక్‌నాథ్ సోల్కర్ షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడు, క్యాచ్‌లు కాబట్టి లెక్క మిగిలింది. అతని కన్నా ముందు, తర్వాత కవర్స్‌లో పరుగులు ఆపి ఆపి మ్యాచ్‌లు గెలిపించినవాళ్ల లెక్క ఎక్కడా లేదు, చూసినవాళ్లు పోతే ఆ ఆట కూడా పోయినట్టే. అందుకే నేను అంకెలు వద్దనను. ఫీల్డింగ్ అంకెలు ఇంకా కావాలంటాను, గ్రౌండ్‌లో కూర్చుని చూసి రాసినవి కావాలంటాను.

గాజువాక కుర్రాడి సంగతి పూర్తి చేయలేదు. రెండో ఏడు అతని పేరు ఒక ఎంపికకి వెళ్లింది. ఎక్కడ, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం. పరుగుల పట్టిక తెమ్మన్నారు, తెచ్చాను. నా నోటు పుస్తకం కూడా బల్ల మీద పెట్టాను. ఒకాయన తీసి రెండు పేజీలు తిప్పి, ఇది లెక్కలోకి రాదండీ అని వెనక్కిచ్చేశారు. అక్కడున్న నలుగురిలో ఆ కుర్రాడు ఆడగా ఒక్క మ్యాచ్ చూసినవాళ్లు లేరు. సగటు ఇరవై రెండో ఇరవై మూడో ఉంది, పేరు కొట్టేశారు. నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడి ఉండాల్సింది, మాట్లాడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ కుర్రాడు మరుసటి ఏడాది ఆడటానికి రాలేదు.

కాబట్టి నా విన్నపం మీకూ, మన జిల్లాలో లీగ్‌లు నడిపేవాళ్లకీ. మీరు వేసే స్థానిక మ్యాచ్ వార్తల్లో ఎవరెన్ని కొట్టారు, ఎవరెన్ని తీశారు అన్నది తప్ప ఇంకేమీ ఉండదు. ఒక విలేఖరి గ్రౌండ్‌కి వెళ్లి గంట కూర్చుంటే కవర్స్‌లో ఎవరున్నారో రాయగలడు, ఒక్క వాక్యం చాలు, ఆ వాక్యం ఒక పిల్లవాడు కత్తిరించి దాచుకుంటాడు. లీగ్‌లవాళ్లు స్కోరు పుస్తకంలో ఫీల్డింగ్‌కి ఒక పేజీ పెట్టండి. ఆపినవి, వదిలినవి, విసిరి అవుట్ చేసినవి, ఈ మూడు గీతలు చాలు మొదట్లో. ఒక్క స్కోరర్‌కి బ్యాటింగ్, బౌలింగ్ రాస్తూ ఇది కుదరదు, నాకు తెలుసు, రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి బంతిని చూడకూడదు, ఫీల్డర్లనే చూడాలి. నేర్చుకోవడానికి ఒకటి రెండు మ్యాచ్‌లు పడుతుంది, ఎందుకంటే చూపు దానంతటదే బంతి వెనకాల పోతుంది.

నా దగ్గర అలాంటి నోటు పుస్తకాలు పద్నాలుగున్నాయి. గీతలు ఎలా గీయాలో మొదటి పేజీల్లో రాసే ఉంది. కుర్రాళ్లెవరైనా ఇది నేర్చుకుంటామంటే ఆదివారం పొద్దున మ్యాచ్ మొదలయ్యే ముందు టెంటు దగ్గరికి రండి, పక్కన కుర్చీ వేయిస్తాను. ఆ ఉత్తరం రాసిన అబ్బాయి ముందు రావాలని కోరిక.

ఇట్లు,
ఒక పాత స్కోరర్,
విశాఖపట్నం